నలుగురికి సరిపడా అన్నం

ఎనభైల్లో మాది భద్రాచలం అడవి అంచున ఉన్న ఊరు. సంతకు నడిచి పోయేవాళ్ళు, తునికాకు కోతకు వెళ్ళేవాళ్ళు మా వాకిలి మీదుగానే వెళ్ళేవారు. ఇంట్లో అమ్మ, నాన్న, అన్న, నేను. అయినా అమ్మ పెద్ద సత్తు గిన్నెలో వండేది. మధ్యాహ్నం గడప ముందు ఎవరు నిలబడినా విస్తరి వేసేది, పేరు అడిగేది కాదు. అడిగితే తినేవాళ్ళకు ముద్ద దిగదనేది.

ఒక వేసవి ఉదయం ఎస్సై, పోలీసులు ఇల్లిల్లూ చూస్తూ మా వంటింట్లోకి వచ్చారు. ఎస్సై గిన్నె మూత ఎత్తాడు.

"నలుగురికి గింత అన్నమెందుకమ్మా?"

"బాటెంట పొయ్యేటోళ్ళకు పెడ్తం సారూ."

"ఎవరు వాళ్ళు?"

"నాకేమెరుక? ఆకలైనోళ్ళు."

ఉన్నమాటే చెప్పింది. ఆ మాటకే మా అన్నను జీపెక్కించుకుని పోయారు.

నాన్న స్టేషన్ ముందు పడిగాపులు కాశాడు. ఎస్సై మరీ చెడ్డవాడేం కాదు, కూర్చోబెట్టి చెప్పాడట. ఏ ఊరి నుంచి ఎంత ముప్పుందో ఆయన పైకి రాసి పంపాలి. తుపాకులు పట్టుకుని అడవిలో తిరిగేవాళ్ళు కంటబడరు గనక గుర్తులు చూసుకోవాలి. ఇంటి మనుషులకు మించి వండుతున్నారా, వయసు కుర్రాళ్ళు ఊళ్ళో కనబడటం లేదా, రాత్రుళ్ళు కుక్కలు మొరుగుతున్నాయా. ఆయన మాటల్లో అర్థముందని ఇప్పుడు ఒప్పుకుంటాను. అప్పుడు మాత్రం ఒళ్ళు మండిపోయింది. మా అమ్మ పెట్టే పిడికెడు మెతుకులు దేశానికి ముప్పెలా అయ్యాయో నాకు అంతుబట్టలేదు.

కొన్నాళ్ళకు అన్నను వదిలేశారు. నడుము పట్టుకుని నడుస్తూ వచ్చాడు. ఆ సాయంత్రమే అమ్మ పెద్ద గిన్నె తోమి అటక మీద పెట్టింది. మర్నాటి నుంచి మధ్యాహ్నమయ్యేసరికి తలుపు వేసేది.

మరుసటి ఎండాకాలం ఎవరో తలుపు తట్టారు. తీస్తే అదే ఎస్సై. అడవిలోంచి వస్తున్నట్టున్నాడు, పెదవులు పగిలి ఉన్నాయి. అరుగు మీద కూలబడి, "మీ ఊరు ఇప్పుడు ప్రశాంతంగ ఉందని రాసి పంపిన," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "కొంచెం అన్నముంటే పెడతవా అమ్మా?" అని అడిగాడు.

లోపల అన్న కంచం ముందు కూర్చుని ఉన్నాడు. అమ్మ వాడి వైపు చూసింది.

"నలుగురికే వండిన సారూ."

ఆయన చెంబెడు నీళ్ళు తాగి లేచాడు. నాకు సంతోషమే వేసింది, దాచడమెందుకు. తలుపు వేసి వచ్చేసరికి అమ్మ పొయ్యి దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

"ఆకలైతుందని నోరు తెరిచి అడిగిండు బిడ్డా," అంది. ఆ పూట తన వంతు అన్నం ముట్టలేదు.