విరగని పిన్ను

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. వానలు పడని ఏడాది మా మార్కాపురంలో అందరికీ పంటల గురించి భయం. నాకు మాత్రం కంభం చెరువు గురించి భయం. ఆ చెరువు అడుగున నేను బాగుచేసిన పడవ మోటారు ఒకటి పడి ఉండేది. నీళ్లు తగ్గి అది బయటపడితే నేనూ బయటపడతానని దిగులు. ఇన్నేళ్లూ ఈ బరువు ఎవరి ముందూ దించలేక, పైకి మాత్రం మంచి మెకానిక్కునని పేరు తెచ్చుకుని బతికాను.

మా ఊళ్లు కర్నూలు నుంచి కొత్త జిల్లాలోకి మారిన కొత్తల్లో సంగతి. అప్పట్లో నా పనంతా పలకరాయి గనుల్లోనే. గనిలో ఊరే నీళ్లు తోడే ఇంజన్లు నేనే చూసేవాణ్ణి. ఇంజను ఆగితే గని మునుగుతుంది, కూలీలకు ఆ రోజు పని ఉండదు. అందుకని ఏ మెత్తటి ముక్క విరిగితే దాని చోట ఉక్కు ముక్క పెట్టడం మాకు అలవాటు. ఆగని ఇంజనే మంచి ఇంజను. అంతకు మించి నాకు తెలియదు, తెలుసని మాత్రం అనుకునేవాణ్ణి.

కంభంలో సుబ్బరాయుడని చేపల వ్యాపారి ఉండేవాడు. కోస్తా వైపు పాత సామాన్లలో కొన్న పడవ మోటారు నా దుకాణానికి తెచ్చాడు. పడవ వెనక ఉండే చెక్క పలకకు బిగించే రకం, కింద నీళ్లలో రెక్కలు తిరుగుతాయి. అలాంటిది అంతకుముందు నేను చూడలేదు. చూడలేదని చెప్పానా? చెప్పలేదు. మొత్తం విప్పి కిరసనాయిలుతో కడిగాను. కార్బురేటరు శుభ్రం చేశాను, పిస్టను రింగులు మార్చాను. నీళ్ల తొట్టిలో నిలబెట్టి తాడు లాగితే ఒక్క లాగుకే అందుకుంది. బజారులో వాళ్లంతా వచ్చి చూశారు. నేను నేల మీద నడవలేదు ఆ పూట.

కొన్నాళ్లకు సుబ్బరాయుడు మళ్లీ వచ్చాడు. రెక్కలను ఇరుసుకు పట్టి ఉంచేది వేలెడు లేని ఇత్తడి పిన్ను. అది చూపించి, "ఇది ఊరికే విరుగుతాండాదన్నా, నడి చెరువులో ఆగిపోతాండా. ఇంగ విరగకుండా చెయ్యి," అన్నాడు.

చేశాను. విరిగిన డ్రిల్లు ఉక్కు ముక్క ఒకటి సానబట్టి, ఇత్తడి పిన్ను చోట సరిగ్గా కుదిరేలా పెట్టాను. ఇంజను మూత లోపల విడి పిన్నులు దాచుకోవడానికి చిన్న గూడు ఉంది. మోటారు తయారుచేసినవాడే విడి పిన్నులకు చోటు ఎందుకు పెట్టాడు? ఆ ప్రశ్న నాకు వచ్చింది. నిజంగా వచ్చింది. చేసినవాడికే తన సరుకు మీద నమ్మకం లేదని నవ్వేశాను.

ఆ ఇత్తడి పిన్ను ఉన్నదే విరగడానికి. రెక్క దేనికైనా తగిలితే అది విరిగి, రెక్క తిరగడం ఆగి, పడవ నిలిచిపోతుంది. మనిషి ఇంకో పిన్ను వేసుకుని బయల్దేరతాడు. అంతే. ఆ కాస్త నష్టంతో పెద్ద నష్టం తప్పుతుంది.

చెరువు ఎండిన ఏళ్లలో అడుగున తుమ్మచెట్లు మొలుస్తాయి. నిండిన ఏడు వాటి మొద్దులు నీళ్ల కింద ఉండిపోతాయి. సుబ్బరాయుడి పడవ రెక్క అలాంటి ఒక మొద్దు పంగలో ఇరుక్కుంది. పిన్ను విరగలేదు. ఆ ఊపంతా పడవ మీద పడి, వెనక పలక చీలి, మోటారు ఊడి మునిగిపోయింది. దాని వెనకే పడవ. అందులో ఉన్న కూలీ ఈదుకుంటూ వచ్చి చెప్పాడు. సుబ్బరాయుడు రాలేదు. అందరికీ పలక చీలిన మాటే వినిపించింది. కూలీ మొద్దు అనగానే ఆ పిన్ను ఎందుకు విరగాలో నాకు అర్థమైపోయింది.

నింద పడవ చేసిన వడ్రంగి బ్రహ్మయ్య మీద పడింది. పుచ్చు చెక్క వేసి మనిషిని చంపాడన్నారు. ఆయన ఒకరోజు నా దుకాణం ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అన్నా, నేనేసింది మంచి టేకు. నా చేతులతో కోసినా. మోటారులో ఏమన్నా తేడా ఉండిందేమో చెప్పు. ఎవురికీ చెప్పను. నాకు తెలిస్తే సాలు."

పోలీసులు, సుబ్బరాయుడి చుట్టాలు, మూతపడిన దుకాణం, అన్నీ కళ్ల ముందు తిరిగాయి.

"మోటారు బాగనే ఉండె బ్రహ్మయ్యా. చెక్క లోపల యాడన్నా పుచ్చు ఉండిందేమో. నీకు కనపడలేదేమో."

"అంతేనంటావా?" కాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. "నువ్వు చెప్పినావంటే అంతే ఉంటాదిలే అన్నా."

తిట్టి ఉంటే బాగుండేది. నమ్మాడు. తన చెక్క కన్నా నన్నే ఎక్కువ నమ్మాడు. ఆ తర్వాత ఏ చెక్క పట్టినా మేకుతో పొడిచి పొడిచి చూసేవాడట. పని ఇచ్చేవాళ్లు లేక గిద్దలూరు పోయి, కట్టె డిపోలో దుంగలు మోసి, అక్కడే పోయాడు. మనిషిని చంపానని నమ్ముతూనే పోయాడు. కబురు విన్న రోజు నాకు ముందుగా కలిగింది ఏడుపు కాదు, ఇక అడిగేవాడు లేడన్న ధైర్యం. ఇది ఎవరితోనూ అనలేదు. మీతో అంటున్నాను.

ఆ ధైర్యమూ నిలవలేదు. ప్రతి ఎండాకాలం ఏదో పని వంకతో కంభం బస్సెక్కి, కట్ట మీద నిలబడి నీళ్లు చూసుకుని వచ్చేవాణ్ణి. చెరువు ఎండిన ఏడు కూడా మోటారు కనపడలేదు, పూడికలో కూరుకుపోయింది. దేవుడు నా పక్షాన ఉన్నాడా అని అనుకున్నాను. ఎందుకుంటాడు?

ఈ ఎండాకాలం రైతులు ఆ పూడికమట్టి పొలాలకు తోలుకుంటుంటే అది దొరికింది. సుబ్బరాయుడి కొడుకు ట్రాక్టరులో వేసుకుని తిన్నగా నా దగ్గరికే తెచ్చాడు. ఇప్పుడు అతనికీ తల నెరిసింది.

"మా నాయన మోటారు పెద్దనాయనా. నువ్వే గదా చేసింది. నడవకపోయినా పర్వాలేదు, ఇంట్లో పెట్టుకునేటట్ల చేసియ్యి."

మట్టి కడిగాను. రెక్కలు ఒంగిపోయాయి. తుప్పు కింద నా పిన్ను చెక్కుచెదరకుండా ఉంది. ఒక దెబ్బతో దాన్ని కొట్టేసి, విరిగిన ఇత్తడి ముక్క పెడితే ఎవరికీ తెలియదు. సుత్తి చేతికి తీసుకున్నాను కూడా. ఇంత వయసొచ్చి, ఇన్నేళ్లు కుమిలి, చివరికి నా చెయ్యి పోయింది సుత్తి మీదికే.

కొట్టలేదు. మంచివాణ్ణయ్యానని కాదు, ఇక భయపడే ఓపిక లేదు. రేపు అతను వచ్చేసరికి రెక్కలు పక్కన పెట్టి, పిన్ను కనపడేలా ఉంచి, అదేమిటో నేనే చెబుతాను. ఏం చేస్తాడో తెలియదు. కానీ ఇదంతా రాశాక గుండెల మీద నుంచి ఏదో కాస్త పక్కకు జరిగినట్టుంది.

ఆయన నా దుకాణం ముందు నిలబడ్డ రోజు ఒక్క మాట అనవలసింది. ఇందాక దుకాణంలో ఎవరూ లేనప్పుడు పైకే అన్నాను.

నీ చెక్క మంచిదే, బ్రహ్మయ్యా.