గవిదొర అడిగిన మాట

ఈ ఉదయం కెంచార్లహళ్ళి నుంచి వచ్చిన ఒకామె మా అంగడి మెట్టు ఎక్కగానే "ఏం కావల్లమ్మా?" అన్నాను. చింతామణి బజారులో కిరాణా అంగడి పెట్టుకున్నవాడు రోజంతా అనే మాటే అది. నిద్రలో కూడా అంటానని మా ఇంటామె ఎగతాళి చేస్తుంది. కానీ కొన్నేళ్ళుగా ఆ మాట నోట్లోంచి వచ్చిన ప్రతిసారీ నాకొక రాక్షసుడు గుర్తొస్తాడు. ఆ రాక్షసుడు మరెవరో కాదు, నేనే.

నన్ను రాక్షసుణ్ణి చేసిన ఆటను మా ఇంటికి తెచ్చింది మా అమ్మాయి, బెంగళూరు కాలేజీ నుంచి. నలుగురు చుట్టూ కూర్చుని ఒక కథను ఆడుకుంటారు. ఒకరు కథ నడుపుతారు, అందులో రాక్షసుల మాటలన్నీ వాళ్ళే మాట్లాడతారు. మిగతావాళ్ళు తలా ఒక వీరుడు. కత్తి దెబ్బ తగిలిందా, గాలిలో పోయిందా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. నాకు నోరెక్కువ కాబట్టి కథ నడిపే పని నాకు అంటగట్టారు. ఆదివారం భోజనాలయ్యాక అంగడి తలుపు సగం దించి, మిద్దెమీద చాప పరిచేవాళ్ళం. బాగేపల్లిలో అంగడి పెట్టుకున్న మా తమ్ముడు బస్సెక్కి వచ్చేవాడు. వాడు కత్తివీరుడు, చాపమీద వాడి గుర్తు ఏలక్కాయ. అమ్మాయి బాణాలు వేసే మనిషి, లవంగం. మా మేనత్త వైద్యురాలు, పసుపుకొమ్ము. ఒక్కొక్కరి ముందర చింతగింజలు పోసేవాళ్ళం, అవే ప్రాణం. దెబ్బ తగిలితే గింజలు తీసెయ్యాలి, అత్త మంత్రం వేస్తే మళ్ళీ పెట్టాలి.

అత్త సంగతి చెప్పాలి. మా నాయన చెల్లెలు. పెళ్ళైన కొత్తల్లోనే మామ పోతే మా ఇంటికి తిరిగొచ్చి, నాయన పక్కన గల్లాపెట్టె దగ్గర కూర్చుంది. ఆయన పోయాక నా పక్కన కూర్చుంది. అంగడి ఇళ్ళల్లో 'లేదు' అనే మాట పలకరు. బియ్యం అయిపోతే 'నిండుకున్నాయి' అంటాం, లేకుంటే 'రేపు రాప్పా, వస్తాది' అంటాం. అత్తకు ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, అంగడి బయట కూడా ఆమె నోట ఆ మాట నేను వినలేదు. కాఫీ ఎట్లుందని అడిగితే 'బాగుండాదప్పా'. చీర నచ్చిందా అంటే 'మీకెట్లైతే అట్లే'. అట్లాంటి మనిషిని బాగేపల్లికి పంపాలని అన్నదమ్ములం ఆ నెలలో తీర్మానం చేసుకున్నాం. తమ్ముడు రెండో అంగడి తెరుస్తున్నాడు, నమ్మకమైన మనిషి కావాలి. "అత్తా, వచ్చే ఆదివారం వ్యాను తెస్తా, సామాను సర్దుకో" అన్నాడు వాడు. "అట్లే కానీప్పా" అంది. అంతటితో ఆ పని అయిపోయిందనుకున్నాం.

కాబట్టి ఆ వారం ఆట అత్తకు వీడ్కోలు లాంటిది. అమ్మాయి ముందే హెచ్చరించింది: "నాయనా, నీ రాక్షసులు బొరుగులు నమిలేలోపల చచ్చిపోతాండారు. ఈసారి వచ్చేవానికన్నా కొంచెం దమ్ము పెట్టు." నాకు రోషం వచ్చింది. పొట్లాలు కడుతూనే గవిదొరను తయారుచేశాను. గూళూరు మొదలు చాకవేలు దాకా బోర్లలో నీళ్ళన్నీ తాగేసి, కొండగవిలో, అంటే గుహలో, కడుపు నిమురుకుంటూ పడుకున్న దొర. వాడి గుర్తు అరకిలో తూకంరాయి. వాడి ముందర దోసెడు చింతగింజలు. సగం పోయాయంటే వాడికి రెట్టింపు బలం వస్తుంది. వైద్యురాలు లేకుండా వాణ్ణి గెలవడం ఆ బ్రహ్మతరం కూడా కాదు. పైగా యుద్ధం మధ్యలో దొర వీరులకు ఆశ చూపాలి, వాళ్ళు ఛీకొట్టాలి, అప్పుడే కథ రక్తి కడుతుంది.

కట్టింది కూడా. ఏలక్కాయ ముందర నాలుగైదు గింజలే మిగిలాయి. అమ్మాయి గోళ్ళు కొరుక్కుంటోంది. నేను గొంతు బొంగురు చేసి తమ్ముడికి రాజ్యం ఇస్తానన్నాను. "నీ రాజ్యం ఎవురికి కావల్లరా, నీళ్ళు వదులు!" అని తొడగొట్టాడు. అమ్మాయికి గురి తప్పని విల్లు ఇస్తానన్నాను. మూతి తిప్పింది. ఇక అత్త వైపు తిరిగాను. అక్కడ నా మాట ఆగిపోయింది. ఆమెకు ఏం ఆశ చూపాలో నేను ఆలోచించుకోనేలేదు. అందరూ నన్నే చూస్తున్నారు. ఆ కంగారులో దొర నోట్లోంచి అంగడి మాట ఊడిపడింది.

"ఏం కావల్లమ్మా నీకు?"

"దొర కందిబేడలు తూస్తాండాడు!" అని అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది. అత్త నవ్వలేదు. పసుపుకొమ్మును వేలితో తిప్పుతూ, "ఏమడిగినా ఇస్తావాప్పా?" అంది.

"ఇస్తా" అన్నాను, దొర గొంతుతోనే.

"అయితే నీ గవిలో నాకొక మూల ఇయ్యి. ఆడినుంచి నన్ను యాడికీ పొమ్మనగూడదు ఎవురూ."

అని, పసుపుకొమ్మును ఎత్తి తూకంరాయి పక్కన పెట్టింది.

ఆటే అనుకోండి, అయినా అత్త పక్క మారడమా! మా అత్తా! తమ్ముడైతే "ఆమెకు తెలీక పెట్టింది, వెనక్కి తీసుకోనీ అన్నా" అన్నాడు. ఆమె తీసుకోలేదు. వాడు దొరను నరికి గింజలు తీసేస్తే, ఆమె మంత్రం వేసి తీసినవన్నీ నిదానంగా దొర ముందర పెట్టింది. అమ్మాయి బాణం వేసింది, మళ్ళీ పెట్టింది. దొర తరఫున పాచిక వేయాల్సింది నేను. దేవుడా, చిన్న అంకె పడనీ అని మొక్కుకున్నాను. వేసినప్పుడల్లా పెద్దదే పడింది. లవంగం కూలిపోయింది. ఏలక్కాయ ముందర చివరి గింజా పోయింది.

"అత్తా, నువ్వు మా పక్క గదా! ఆ రాక్షసుని మాట నమ్మి పోతావా?" తమ్ముడు నిజంగానే అరిచాడు.

"వాడు అడిగినాడు గదప్పా" అంది అత్త.

కింద ఎవరో తలుపు తట్టి చక్కెర కావాలని కేకేశారు, నేను లేవలేకపోయాను. నాయన అడగలేదు, నేను అడగలేదు, వ్యాను మాట్లాడుకున్న తమ్ముడూ అడగలేదు. ఊళ్ళ నీళ్ళన్నీ మింగినవాడు అడిగాడు. వాడు కూడా నోరు జారి అడిగాడు.

తమ్ముడు ఏలక్కాయను నలుపుతూ కూర్చున్నాడు. బస్సు వేళవుతున్నా కదల్లేదు. చివరికి తల వంచుకునే అన్నాడు: "అత్తా, నీకు బాగేపల్లికి రావల్లని ఉండాదా?"

"లేదు" అంది అత్త.

ముగ్గురం ఉలిక్కిపడ్డాం. ఆమె గొంతులో ఆ మాట ఎట్లుంటుందో మాలో ఎవరికీ తెలియదు. గట్టిగా ఏమీ అనలేదు, బెల్లం ధర చెప్పినట్టు చెప్పింది. తర్వాత గింజలన్నీ డబ్బాలో పోసి, కిందికి పోయి, తలుపు తట్టినామెకు చక్కెర తూచింది.

వ్యాను రాలేదు. తమ్ముడు వేరే మనిషిని పెట్టుకున్నాడు. అత్త ఇప్పుడూ నా పక్కనే, గల్లాపెట్టె దగ్గర. ఈ ఉదయం కెంచార్లహళ్ళి ఆమెకు సామాను కట్టిచ్చి ఇటు తిరిగి, "కాఫీ బాగుండాదా అత్తా?" అన్నాను. "లేదప్పా, చప్పగా ఉండాది" అంది. ఈ మధ్య ఆమెకు ఆ మాట బాగా అలవాటైంది. నేను మాత్రం విన్నప్పుడల్లా ఉలిక్కిపడుతూనే ఉన్నాను. ఎవరైనా అడుగుతారేమోనని ఎన్నేళ్ళు దాన్ని నోట్లోనే పెట్టుకుని మా పక్కన కూర్చుందో.