ముంపు పటంలో చెరిపేసిన మడి

ఆ వానాకాలం నేను వ్యవసాయ శాఖ ఉద్యోగినిగా రోజూ కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. వాగు పొంగి పొలాలు మునిగిన కొద్ది రోజులకు మాకు ఉపగ్రహం తీసిన పటం వచ్చింది. ఎంత మబ్బు పట్టి ఉన్నా అది నేలను చూడగలదట. నీళ్లున్న చోటల్లా నల్లటి మచ్చ. రోడ్లు తెగి మేం వెళ్లలేకపోయిన ఊళ్లు కూడా అందులో ఉన్నాయి. మెచ్చుకోవాల్సిందే.

కానీ మచ్చలు మరీ ఎక్కువగా కనిపించాయి. కొత్తగా నాటేసిన వరి మడిలో ఎప్పుడూ నీళ్లుంటాయి కదా, అదీ నల్లగానే పడుతుంది. పటం గీసిన పట్నం ఇంజనీర్లకు అన్నం తెలుసు గానీ వరి తెలియదని ఆఫీసులో నవ్వుకున్నాం. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. వరదకు ముందు తీసిన పటం పక్కన పెట్టుకుని, రెండింట్లోనూ నల్లగా ఉన్న మడులన్నీ మామూలు వరి మడులేనని చెరిపేస్తూ పోయాను. వరి పండించే ఇంట్లో పుట్టిన దాన్ని, నాకు ఒకరు చెప్పాలా? సాయంత్రానికి మునిగిన పొలాల జాబితా తయారైంది. ఇసుక మేటలు తీసే జేసీబీలు ఆ జాబితా ప్రకారమే వెళ్తాయి.

రెండు వారాల తర్వాత వాగు ఒడ్డున ఒక అవ్వ పొలానికి వెళ్లాను. భర్త లేడు, ఒక్కతే సాగు చేసుకుంటుంది. రెండెకరాల్లోనూ మోకాలి లోతు ఇసుక. కూలీలు దొరక్క ఆమె నాట్లు ఆలస్యమయ్యాయి. మొదటి పటం తీసిన రోజు ఆ మడి దున్ని, నీళ్లు కట్టి, నాటుకు సిద్ధంగా ఉంది. రెండో పటం రోజు వరదలో మునిగి ఉంది. రెండుసార్లూ నలుపే. నేను చెరిపేశాను.

"జాబితాల నా పేరు లేదన్నరు బిడ్డా. పక్క పొలంల జేసీబీ నడుస్తున్నది. వానకాలం పంట పాయె, యాసంగికన్న నాటేస్తనా నేను?"

సిగ్గు అనిపించాలి. ఏమీ అనిపించలేదు. చెప్పుల్లోకి పోయిన ఇసుక దులుపుకుని, అలవాటు కొద్దీ ఫోన్లో నాలుగు ఫొటోలు తీసుకున్నాను.

జాబితా దిద్దించవచ్చు. ఆ మడి చెరిపింది నేనేనని కామారెడ్డి జిల్లా ఆఫీసులో రాసివ్వాలి. అప్పుడు నేను చెరిపినవన్నీ మళ్లీ తనిఖీ చేయమంటారు. రేపు రాద్దాం అనుకున్నాను. మర్నాడూ అలాగే అనుకున్నాను. ఈలోగా జేసీబీలు పిట్లం వైపు వెళ్లిపోయాయి.

యాసంగి నాట్లప్పుడు ఆ అవ్వ ఎల్లారెడ్డి బస్టాండులో కనిపించింది. పొలం అలాగే ఉందని, వేరేవాళ్ల మడుల్లో నాట్లకు కూలికి పోతున్నానని చెప్పింది. పైగా ఆమే నన్ను ఓదార్చింది.

"నువ్వేం జేస్తవ్ బిడ్డా? ఎండల వచ్చి చూసి పోయినవ్. గా శాటిలైట్‌కే నా మడి కనవడలేదట."

"అవునవ్వా, కనబడలేదు," అన్నాను.