పల్చటి పిక్క, పసుపుది

ఆమధ్య మా మావయ్యగారి రిటైర్మెంట్ ఫంక్షన్‌లో స్టేజీ ఎక్కి గిటార్ వాయించానండీ బాబూ! హాలంతా చప్పట్లే చప్పట్లు. ఈలలు కూడా! ఆ చప్పట్లలో నా వాటా ఎంత అని మాత్రం అడక్కండి. అది చెప్పడానికే ఈ కథంతా. టీ చల్లారిపోతుంది, తాగుతూ వినండి.

ముందు నా సంగతి. మధురవాడలో ఒక ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా ఉద్యోగం. అంటే పొద్దస్తమానం ఎవరో చేసిన తప్పులు వెతకడం. సాయంత్రం ఇంటికొచ్చి, బాల్కనీలో గిటార్ పట్టుకుని కూర్చుని, నా తప్పులు నేను చేసుకుంటాను. నేను వాయించడం మొదలుపెట్టిన వెంటనే మా ఆవిడ లావణ్య వంటింట్లో కుక్కర్ పెట్టేస్తుంది. నా పాటా, దాని విజిలూ ఒకేసారి మొదలవుతాయి. ఏదో కాకతాళీయం అనుకునేవాణ్ణి చాలాకాలం.

ఇక మావయ్యగారు, అంటే లావణ్య వాళ్ల నాన్నగారు. పద్మనాభం దగ్గర పల్లెటూళ్లో రైతుల ఇంట పుట్టి, కుర్రతనంలోనే స్టీల్ ప్లాంటులో చేరి, ఉద్యోగమంతా ఆ మిషన్ల మోతలోనే గడిపేశారు. మాట తక్కువ మనిషి. కానీ పాటంటే ప్రాణం! డ్యూటీలో పాడుకునేవారట. "ఆ మోతలో ఎంత గట్టిగా పాడినా ఎవలికీ ఇనపడదు బాబూ. అందుకే పాడేవోణ్ణి" అన్నారొకసారి. అలా ఇన్నేళ్లూ పాడారు, ఒక్కళ్లూ వినలేదు.

అలాంటి మనిషి ఒక ఆదివారం మా ఇంటికొచ్చి, కుర్చీ అంచున కూర్చుని, కండువా సర్దుకుని సర్దుకుని, "బాబూ, రిటైర్మెంట్ రోజున అందరి ముందూ ఒక్క పాట పాడాలనుంది. పక్కన మీరు వాయిత్తే నాను పాడగలను. మీకు కుదిరితేనే" అన్నారు.

పెళ్లయిన దగ్గర్నించీ ఆయన నన్ను ఏదీ అడగలేదండీ. మంచినీళ్లు కావాలన్నా కూతుర్నే అడుగుతారు. నేనైతే కరిగిపోయాను. "మీరు పాడండి మావయ్యగారూ, మిగతాది నాకొదిలేయండి!" అనేశాను గొప్పగా. అక్కడే తప్పులో కాలేశాను.

గిటార్ తీగలు మీటడానికి వేళ్ల మధ్య ఒక చిన్న ప్లాస్టిక్ బిళ్ల పట్టుకుంటారు, చూశారా? దాన్నే పిక్ అంటారు. మనవాళ్ల నోట్లో పడి అది పిక్కు అయింది. వాటిలో పల్చటివీ, మధ్యరకంవీ, లావువీ ఉంటాయి. నేనేమో వీడియోల్లో పెద్ద పెద్దవాళ్లు లావుదే వాడుతున్నారని, ఉన్నవాటిలోకల్లా లావుది కొన్నాను. చొక్కా గుండీలు రెండు అతికించినంత మందం!

దాంతో మొదటి రిహార్సల్. కళ్లు మూసుకుని వాయించేశాను. ఠంగు ఠంగున ఇల్లు మోగిపోయింది. అయ్యాక కళ్లు తెరిచి, "ఎలా ఉంది మావయ్యగారూ?" అన్నాను.

"బాగుంది బాబూ... ప్లాంటులో ఉన్నట్టే ఉంది."

నేనది మెచ్చుకోలే అనుకున్నాను! వంటింట్లోకి వెళ్తే లావణ్య చెప్పింది.

"నాన్న రెండో లైన్లోనే పాట ఆపీసారు. మీరు సూడలేదేటి? మిగతాదంతా మీరొక్కరే వాయించుకున్నారు."

సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. ఆయన ప్లాంటు మోతలోంచి బయటికొచ్చి ఒక్కసారి పాడతానంటే, నేను ఇంకో మోత తెచ్చి పక్కన కూర్చున్నాను.

వెంటనే బండి తీసుకుని రఫీ దగ్గరికి పోయాను. రఫీ నా కాలేజీ ఫ్రెండు. పాతూళ్లో వాళ్ల నాన్నగారి హార్మోనియాల షాపు ఇప్పుడు వాడిదే. వాడు నేను చెప్పిందంతా విని, నా లావు పిక్కు వెలుతురులో పెట్టి చూసి, ఒకటే నవ్వు.

"ఇదేటి బావా, దీంతో వాయిత్తావా, మేకులు కొడతావా?"

"పెద్దోళ్లందరూ ఇదే వాడతన్నార్రా!"

"ఆళ్లు ఒక్కో తీగా ఇడిగా మీటి, రాగం పలికిత్తారు. లావుదైతే ఆ దెబ్బ గట్టిగా పడతాది. నువ్వేటి సేత్తావ్? ఆరు తీగలూ ఒక్కసారే గీకుతావ్. అరే యార్, గీకుడికి పల్చటిది కావాల! ఇదిగో, ఒంగుద్ది సూడు." వాడొక పసుపు రంగు పిక్కుని రెండువేళ్లతో ఆకులా వంచి చూపించాడు. "మీ మావయ్య గొంతు పక్కన ఇది సరిపోద్ది. పట్టుకుపో. ఆ పెద్దాయన పాడితే నాకదే సంతోషం."

డబ్బులు తియ్యబోతే చెయ్యి మీద ఒక్కటిచ్చాడు.

ఆ పసుపు పిక్కుతో రెండో రిహార్సల్. సన్నగా, చినుకు పడ్డట్టు పలికింది గిటారు. దాని మీదుగా మావయ్యగారి గొంతు వచ్చింది చూడండీ! అబ్బ! కొంచెం బొంగురు, కొంచెం వణుకు, కానీ ఎంత బాగుందో. లావణ్య గరిట పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆ రోజు కుక్కర్ పెట్టలేదు.

సరే, ఫంక్షన్ రోజు వచ్చింది. హాలు గాజువాకలో. అంటే మాకు ఊరికి ఆ చివర. మైకు చూసుకోవాలని నేను పొద్దున్నే గిటార్ భుజానేసుకుని వెళ్లిపోయాను. అత్తయ్యగారు అప్పటికి మా ఇంట్లోనే ఉన్నారు. ఆవిడా, లావణ్యా వెనకాల క్యాబ్‌లో రావాలి. హాలుకెళ్లి, గిటార్ తీసి, జేబులో చెయ్యి పెడితే... పిక్కు లేదు! ప్యాంటు జేబులో లేదు. పర్సులో లేదు. భద్రంగా ఎక్కడో పెట్టాను, అంతవరకే గుర్తు. ఇంట్లో టేబుల్ మీదే ఉండుంటుందని లావణ్యకి ఫోన్ చేశాను. ఆవిడ చీర కట్టుకుంటోందట. అత్తయ్యగారు ఎత్తారు. ఇక్కడ నా చెవి పక్కనే మైకతను "హలో, హలో, చెక్, చెక్" అని ఒకటే గోల.

"అత్తయ్యగారూ! నా పిక్కు మర్చిపోయానండీ! వచ్చేటప్పుడు పట్టుకురండి!"

"పిక్కలా బాబూ? ఇప్పుడా?"

"ఇప్పుడేనండీ! అది లేకపోతే నేను స్టేజీ ఎక్కలేను!"

"ఓలమ్మా! సరే సరే, తెత్తాను. ఎన్ని తెమ్మంతారు?"

"ఒకటి చాలు! పల్చటిది! పసుపుదండీ, పసుపుది! లావుది మాత్రం వద్దు, మావయ్యగారికి పడదు!"

"అవును బాబూ, లావుయి ఆయనికి గేస్ సేత్తాయి!"

హలో, హలో, చెక్, చెక్. నాకు 'కేస్' అని వినపడింది. గిటార్ పెట్టుకునే కేస్ గురించి అడుగుతున్నారనుకున్నాను.

"కేస్ నా దగ్గరే ఉందండీ!" అని హాలంతా వినపడేలా అరిచాను.

అవతలనుంచి, "అయ్యో పాపం! నాను సూసుకుంతాను బాబూ, మీరు కంగారు పడకండి" అని పెట్టేశారు.

అయ్యో పాపం ఎందుకన్నారో అర్థం కాలేదు గానీ, ఎంత తొందరగా గ్రహించారో అని మురిసిపోయాను. అత్తగారంటే ఇలా ఉండాలి అని మైకతనికి కూడా చెప్పాను!

ఫంక్షన్ మొదలైపోయింది. మావయ్యగారు స్టేజీ మీద మెడ నిండా దండలతో కూర్చుని, పెదాలు కదుపుతూ పాట నెమరేసుకుంటున్నారు. మధ్యమధ్య నా వైపు చూసి తల ఊపుతున్నారు. వీళ్లు క్యాబ్ దొరికి బయలుదేరారో, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారో! ఉపన్యాసాలు ఇంకాసేపు సాగితే బాగుణ్ణని పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కోరుకున్నాను.

ఆఖరి ఉపన్యాసంలో వచ్చారు. అత్తయ్యగారు పట్టుచీరలో, చేతిలో తువ్వాలు చుట్టిన స్టీలు డబ్బాతో, జనాన్ని తోసుకుంటూ సరాసరి నా దగ్గరికి.

"తెచ్చారా అత్తయ్యగారూ?"

"తెచ్చాను బాబూ. బేగి తీసుకోండి, ఏడిగా ఉన్నాయి."

వేడిగా ఉండటమేమిటి? మూత తీశారు. గుప్పుమని ఇంగువ వాసన!

పనసపిక్కల వేపుడు.

మా వైపు పిక్క అంటే గింజ కదండీ! జీడిపిక్క, చింతపిక్క, పనసపిక్క... ఆవిడకి తెలిసిన పిక్క అదే. పాపం, నేను చెప్పినవన్నీ ఒక్కటీ పొల్లుపోకుండా చేశారు.

"పల్చటియే ఏరాను. పసుపన్నారు కదా, గట్టిగా ఏసాను. మీకూ గేసుందన్నారని ఇంగువా, వామూ తగిలించాను. ఒకటి చాలన్నారని ఒక్క డబ్బాయే తెచ్చాను."

నాకు కోపం వచ్చిందేమో అనుకునేలోపు ఆవిడ జడ కనపడింది. జడలో పూలు లేవు. మల్లెపూల పొట్లం చేతిసంచిలోంచి తొంగిచూస్తోంది. పెట్టుకునే టైము లేదు! మొగుడి రిటైర్మెంట్ రోజున, కట్టుకున్న పట్టుచీరతో పొయ్యి దగ్గర నిలబడి, అల్లుడికి నోరూరిందని పిక్కలు వేయించుకొచ్చిన మనిషిని ఏమంటామండీ?

"ఒకటి తిని ఎక్కండి, దైర్నంగా ఉంటాది" అన్నారు. తిన్నాను. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "కారమెక్కువైందేటి?" అన్నారు. "లేదండీ, చాలా బాగున్నాయి" అన్నాను. ఒట్టు, నిజంగానే బాగున్నాయి. ఇంకోటి తిన్నాను.

పక్కకి వెళ్లి రఫీకి ఫోన్ కొట్టాను. "బావా, పిక్కు లేదురా! సచ్చాను!"

"నీకు బొటనేలుందా?"

"ఉంది."

"అదే పిక్కు. గోరు తగలనీకు, కండతో నిమురు. ఏ షాపులోనూ ఇంతకన్నా మెత్తంది దొరకదు. పో బావా, ఎక్కు!"

మైకులో మావయ్యగారి పేరు, నా పేరు పిలిచేశారు. ఎక్కాను. మావయ్యగారు మైకు పట్టుకున్నారు. నా చేతివైపు చూశారు, పసుపు పిక్కు ఉందా లేదా అని. నా బొటనవేలు చూశారు. పనసపిక్కల పసుపు అంటి నిగనిగలాడుతోంది! పసుపు కనపడింది కదా, ధైర్యం వచ్చినట్టుంది. గొంతు సవరించుకున్నారు.

నిమిరానండీ. నూనె వేలు తీగల మీద జారిపోతోంది. నాకే వినపడీ వినపడనట్టుంది. ఆ చిన్న చప్పుడు మీద ఆయన పాట లేచింది. చరణం మధ్యలో ఒకచోట ఆగిపోయారు. నేను అక్కడే ఆగి, అదే తీగల్ని మెల్లగా నిమురుతూ కూర్చున్నాను. ఆయన నావైపు చూసి, ఊపిరి తీసుకుని, మళ్లీ అందుకున్నారు. అత్తయ్యగారు డబ్బా గుండెలకి హత్తుకుని నిలబడి వింటున్నారు. లావణ్య ఆవిడ వెనక నిలబడి జడలో పూలు పెడుతోంది. అది చూశాక తీగలు మసకబారాయి నాకు.

పాట అయింది. హాలు లేచి నిలబడింది! ప్లాంటులో మావయ్యగారితో పనిచేసినాయన స్టేజీ మీదికి పరిగెత్తుకొచ్చి, "ఓరి నాయుడూ, ఇన్నేళ్లు పక్కనే పన్సేసాను కదరా! నీకింత మంచి గొంతుందని సెప్పలేదేటి?" అని వాటేసుకున్నాడు. కళ్లు తుడుచుకున్నాక నావైపు తిరిగాడు. నేను కూడా మెచ్చుకోలు అందుకోడానికి సిద్ధంగా నిలబడ్డాను.

"ఏటి బాబూ, గిటారు పట్టుకుని ఊరికే కూకున్నావ్? నువ్వూ ఓ ముక్క వాయించీవలసింది!"

అప్పుడు మావయ్యగారు నా భుజం మీద చెయ్యి వేశారు.

"వాయించారు. నాకు ఇనపడింది."

ఇంకేం కావాలండీ నాకు? ఆ మాట చాలు. అత్తయ్యగారికీ, రఫీకీ, ఆ వేపుడుకీ మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

ఇంటికొచ్చి గిటార్ సర్దుతుంటే, కేస్ పక్క జేబులోంచి ఏదో జారి కింద పడింది. పసుపు పిక్కు! 'కేస్ నా దగ్గరే ఉందండీ' అని హాలంతా వినపడేలా అరిచింది ఎవరు? నేనే! ఇతరుల తప్పులు వెతికి పట్టుకున్నందుకు నాకు జీతమిస్తున్నారు చూడండీ, వాళ్లు నిజంగా దయగలవాళ్లు.

అత్తయ్యగారికి ఈ సంగతి ఇప్పటికీ తెలీదు. నేను వాయించే ముందు పిక్కలు తింటానని ఆవిడ నమ్మకం. ఆదివారం ఆదివారం డబ్బా వస్తోంది. లావణ్య చెప్పేస్తానంది, నేనే కాళ్లావేళ్లా పడి ఆపాను.

నిన్న రఫీ ఫోన్ చేశాడు. "ఏటి బావా, ఆఖరికి నీ స్టైలుకి ఏ పిక్కు సెట్టయింది?" అని.

"పనసపిక్క" అన్నాను.