ఒకే సెకనులో లేచిన మోటార్లు

మొన్న మా తమ్ముడి కూతురు బెంగళూరు నుంచి కడపకు వచ్చి మా ఇంట్లో నాలుగు రోజులుంది. సెలవు మీద వచ్చిందన్న మాటే గాని, పొద్దున కాఫీ తాగింది మొదలు అన్నం తినే బల్ల మీద లాప్‌టాప్ తెరుచుకుని ఆఫీసు పని చేసుకుంటూనే ఉండేది. కరెంటు మీటర్లు తయారు చేసే కంపెనీలో డిజైనరు ఆమె. ఆ రోజు మీటరు లోపల కాలాన్ని లెక్కపెట్టడానికి ఒక ఐసీ, అదే చిన్న చిప్పు, దానికి నిలకడగా కరెంటు అందించడానికి ఇంకో ఐసీ ఎంచుకోవాలట. ఎంత వేడిని తట్టుకోవాలి, ఎంత తక్కువ కరెంటు తాగాలి, ఎంత కచ్చితంగా ఉండాలి అని గళ్ళలో టిక్కులు పెడుతూ పోతే, వేలకొద్దీ పేర్లున్న జాబితా నేను చూస్తుండగానే కుంచించుకుపోయి అయిదారుకు దిగింది. వాటిలో అన్నిటికన్నా కచ్చితమైనది పైన ఉంటే దాన్నే పట్టుకుంది. నేను వెనక నిలబడి చూస్తున్నానని గమనించి, “ఏమత్తా, అట్ల చూస్తాండావు? మీ మామ మాదిరి ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కాల్చకుంటే చాల్లే నేను” అని నవ్వింది.

మా ఇళ్ళలో అది పాత జోకు. పెళ్ళిళ్ళలో ఫ్యూజు పోయినా, ఎవరైనా ఇస్త్రీ పెట్టె పాడుచేసినా మా మేనమామ పేరే ఎత్తుతారు. ఆయన పోయి చాలా ఏళ్ళయినా జోకు మాత్రం పోలేదు. నేనూ అలవాటు ప్రకారం నవ్వాను. నవ్వి వంటింట్లోకి పోయి గోరుచిక్కుళ్ళు ముందేసుకుని కూర్చున్నాను గాని, ఒక్క కాయా తుంచలేదు.

నా ఈడు ఆడవాళ్ళకు తెలిసే ఉంటుంది, మా కాలంలో పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివిన ఆడపిల్ల అంటే పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు కూడా కొంచెం దూరం జరిగి కూర్చునేవాళ్ళు. డిప్లొమా చేతికొచ్చింది గాని ఉద్యోగం రాలేదు. ఇంట్లో ఊరికే కూర్చోవడం ఎందుకని మా అమ్మ నన్ను బద్వేలులో ఉన్న తన తమ్ముడి దగ్గరికి పంపింది. మామకు అక్కడ మోటార్లు వైండింగు చేసే షాపుండేది. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన మనిషి, కాలిపోయిన మోటారు వాసన చూసి ఏ చుట్టలో తప్పు జరిగిందో చెప్పేవాడు. ముందు గదిలో ఆయన రాగి తీగ చుట్టేవాడు, వెనక గదిలో నేను సోల్డరింగు ఐరను పట్టుకుని కూర్చునేదాన్ని. ఆడపిల్ల చేసిన డబ్బా అంటే కొనరని మేమిద్దరం అనుకోకుండానే ఒక ఒప్పందానికి వచ్చాం. చేసేది నేను, పేరు ఆయనది. డబ్బా మూత మీద ఆయన పేరుతో స్టిక్కరు నా చేతులతో నేనే అంటించేదాన్ని. అంటించిన ప్రతిసారీ కడుపు మండేది, ఆ మాట దాచుకోను.

ఆ డబ్బా సంగతి చెప్పాలి. అప్పట్లో పొలాలకు త్రీఫేజు కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో ఇచ్చేవాళ్ళకే తెలిసేది కాదు. కరెంటు రాగానే కాసేపు ఆగి, అది నిలకడగా ఉందని చూసుకుని, మనిషి లేకుండానే బోరు మోటారును నడిపించే డబ్బా అది. రైతులు ఆటో డబ్బా అనేవాళ్ళు. ఆ కాసేపు ఆగడమనే పని ఎనిమిది కాళ్ళున్న ఒక చవక టైమరు ఐసీది. ఎంతసేపు ఆగాలో తేల్చడానికి దానికి తోడు ఒక కెపాసిటరు ఉండాలి. మా సీమ ఎండకు రేకు షెడ్డులో ఆ కెపాసిటరు ఉడికిపోయి, ఒక డబ్బా నిమిషం ఆగితే ఇంకొకటి రెండు నిమిషాలు ఆగేది, మూడోది దాని బుద్ధి పుట్టినప్పుడు లేచేది. చదువుకున్నదాన్ని కదా, ఆ తేడా చూస్తే నాకు కంట్లో నలుసు పడ్డట్టుండేది.

నాకంటే రైతులకు ఎక్కువ కష్టమైంది. బద్వేలు దాటి లోపలికి పోతే మా పెదనాన్న వాళ్ళ ఊరు, అక్కడ మా డబ్బాలు చాలా మందికి ఉండేవి. భూమి లోపల నీళ్ళు ఒక్కటే, పైన గట్లు వేరు. “ఏమప్పా, మా పక్కచేని వానిది నా దానికన్నా ముందు లేస్తాండాది, వాడు తోడుకున్న్యాక నాకేం మిగుల్తాది?” అని ఒకడు వస్తే, ఆ పక్కచేనివాడే మరునాడు అదే మాట ఇంకొకడి మీద చెప్పేవాడు. రెండు నిమిషాల ముందు లేచినంత మాత్రాన బోరులో నీళ్ళు మాయమైపోవని చెప్పినా వినరు. కొందరు పొద్దున్నే షెడ్డు ముందు వాచీ పట్టుకుని కూర్చుని ఎవరిది ముందు లేచిందో చూసి, సాయంత్రానికి షాపు ముందు కొట్లాటకు దిగేవాళ్ళు. అన్నీ ఒక్కసారి లేచేటట్టు చేయమని మామ ప్రాణం తోడేశారు.

అది నా కోసమే వచ్చిన పని అనుకున్నాను. కడపలో రైలెక్కి మద్రాసు పోయి, ఎలక్ట్రానిక్ సామాన్లమ్మే వీధిలో రెండు రోజులు తిరిగాను. చిప్పుల వివరాలుండే పుస్తకం కొనే స్తోమతు లేక, ఒక షాపాయన్ను బతిమాలి కావలసిన పేజీలు జిరాక్సు తీయించుకుని, రైల్లో తిరిగొస్తూ పెన్సిలుతో గీతలు గీసుకుంటూ చదివాను. చివరికి రెండు ఐసీలు ఎంచుకున్నాను. ఒకటి వాచీలో ఉండే క్రిస్టలుతో నడిచి సెకన్లను లెక్కపెట్టేది, ఎండకైనా చలికైనా తేడా రానిది. రెండోది కరెంటును కాపలా కాసేది. వోల్టేజీ నిలబడితేనే లెక్క మొదలుపెట్టనిస్తుంది, పడిపోతే అప్పటికప్పుడు మోటారును ఆపించి లెక్కను మళ్ళీ మొదటికి తెస్తుంది. పది డబ్బాలు వరసగా బల్ల మీద పెట్టి ఒకే స్విచ్చుతో కరెంటిస్తే, సరిగ్గా రెండు నిమిషాలకు, మోటారుకు కరెంటు కలిపే రిలేలు పదీ కలిసి ఒక్కటే టక్కుమన్నాయి. నా జీవితంలో అంత సంతోషం మళ్ళీ రాలేదు.

మామ కూడా ఆ శబ్దం విని వచ్చి, ఇంకోసారి చేసి చూపించమన్నాడు. చూపించాను. కాసేపు గడ్డం గీరుకుని, “ఒగటి ముందు, ఒగటి ఎనక లేస్తే ఏం నష్టం పాపా? అన్నీ ఒక్కతూరి లేస్తే ట్రాన్స్‌ఫారం తట్టుకుంటాదా అని ఆలోచన చేస్తాండా” అన్నాడు. మోటారు నడిచేటప్పటికన్నా లేచేటప్పుడు అయిదారింతలు కరెంటు లాగుతుందని నా పుస్తకంలోనూ ఉంది. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కాని ఆ క్షణంలో నాకు వినిపించింది ఎనిమిదో తరగతి మనిషి నా పనికి వంక పెట్టడం ఒక్కటే. “ఇది చదువుకున్నోళ్ళ లెక్క మామా, చుట్లు లెక్కపెట్టేది కాదు” అన్నాను. ఆయన ముందు గదిలోకి పోయి తీగ చుట్టుకున్నాడు.

పెదనాన్నే ముందుండి ఊరందరి చేత పాత డబ్బాలు తీయించి కొత్తవి పెట్టించాడు. ఇక ఎవరిదీ ముందు కాదు, ఎవరిదీ వెనక కాదు. కొట్లాటలు ఆగిపోయాయి. షాపు ముందు నిలబడి మామను పొగుడుతుంటే, వెనక గదిలో నేను పళ్ళు నూరుకుంటూ స్టిక్కర్లు అంటించేదాన్ని. కరెంటొచ్చిన ప్రతిసారీ ఊళ్ళో లైట్లు ఒక్కసారి మినుకుమంటున్నాయని ఎవరో చెప్పారు. ఎవరైనా ఆ పూట షెడ్డు దగ్గరుండి రెండు మూడు మోటార్లు ఆపేస్తే సరిపోయేది కాబట్టి, ఎవరూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు.

వైశాఖంలో ఆ ఊరి పెద్ద కుటుంబంలో పెళ్ళి మహానందిలో జరిగింది. ఊరికి ఊరు లారీలెక్కి పోయింది, మేమూ పోయాం. ఆటో డబ్బాలున్నాయిగా, మోటార్లను చూసుకోవడానికి మనుషులెందుకు అన్నారు. ఆ మధ్యాహ్నం మేమక్కడ పప్పన్నం తింటున్న వేళకు ఊళ్ళో కరెంటొచ్చింది. పెదనాన్న చీనీ తోటకు, అదే బత్తాయి తోటకు, కాపలా ఉన్న ముసలామె తర్వాత చెప్పింది. అన్ని షెడ్లూ ఒక్కసారి మూలిగి, ఒక్కసారే ఆగిపోతున్నాయట. మళ్ళీ కాసేపటికి అదే మూలుగు, అదే ఆగడం. పొద్దు వాలేదాకా అదే వరస. ఎవరికీ అర్థం కాని ఆ మాట నాకు సగం వినేసరికే అర్థమైంది. అన్ని మోటార్లూ ఒకే సెకనులో లేచేసరికి వోల్టేజీ పడిపోయింది, పడిపోగానే నా కాపలా ఐసీలన్నీ కలిసి ఆపేశాయి, వోల్టేజీ రాగానే అన్నీ కలిసి రెండు నిమిషాలు లెక్కపెట్టి మళ్ళీ ఒకే సెకనులో లేపాయి. పాత చవక డబ్బాలైతే ఒకదాని తర్వాత ఒకటి లేచి గండం గడిచేది. నేను చేసినవి ఒకదానికొకటి దారి ఇవ్వడమెరుగనివి. చివరికి ట్రాన్స్‌ఫార్మర్ ఆయిలు కక్కి కాలిపోయింది.

ఆ ఎండాకాలంలో కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్లు మాదొక్కటే కాదు, కొత్తది రావడానికి వారాలు పట్టింది. ఎనిమిదేళ్ళు పెంచిన చీనీ చెట్లకు వారాలు ఆగే ఓపిక ఎక్కడిది? పెదనాన్న ట్యాంకరుతో నీళ్ళు తోలించి చెట్టుకు రెండు బిందెలు పోయించాడు, అదీ కొన్నాళ్ళే. పిందెలు రాలాయి, తర్వాత ఆకులు రాలాయి, తర్వాత చెట్లనే కొట్టించేశాడు. ఆ రోజు ఆయన తోటలోకి రాలేదు, ఇంట్లో గోడకు మొహం తిప్పుకుని పడుకున్నాడు.

ఊరి రైతులు డబ్బాలు పీక్కొచ్చి షాపు ముందు కుప్ప పోశారు. వాటి వల్లనే కాలిందని లైన్‌మ్యాన్ చెప్పాడట. వాళ్ళలో పెద్దాయన, “ఈ డబ్బా చేసింది ఎవురప్పా? నువ్వేనా, ఇంకెవురన్నానా?” అని అడిగాడు. బహుశా నా సంగతి ఆయనకు అనుమానంగా ఉండేదేమో. నేను వెనక గది గుమ్మంలో నిలబడి ఉన్నాను. మామ నా వైపు తిరగలేదు, తిరిగితే వాళ్ళూ తిరుగుతారని. “నేనేనప్పా. శానా కరెక్టుగా చేద్దామని పోయినా. తప్పు నాదే” అన్నాడు. నేను తేలు కుట్టిన దొంగలా నోరు మెదపలేదు. పెదనాన్న ఆ గుంపులోనే ఉన్నాడు, అప్పటినుంచి బతికున్నన్నాళ్ళూ మామ ఉన్న ఇంటి గడప తొక్కలేదు.

ఆ తర్వాత షాపుకు ఎవరూ మోటారు తీసుకురాలేదు. నలభై ఏళ్ళు దాటిన మామ షాపు మూసేసి, కర్నూలులో ఇంకొకరి వైండింగు షాపులో కూలికి చేరాడు. అదే కర్నూలులో కొన్నాళ్ళకు నాకు స్టెబిలైజర్లు చేసే కంపెనీలో ఉద్యోగమొచ్చింది. ఎలా వచ్చిందో కూడా రాయాలి, రాయకపోతే ఇదంతా రాసి దండగ. ఇంటర్వ్యూలో సొంతంగా చేసిన డిజైను ఏదైనా చూపించమన్నారు. నా దగ్గర ఉన్నది అదొక్కటే. రెండు ఐసీలను ఎందుకు ఎంచుకున్నానో, పది డబ్బాలూ ఒకే టక్కుతో ఎలా లేచాయో పూసగుచ్చినట్టు చెప్పాను. ఆడపిల్ల ఇంత కచ్చితంగా చేసిందా అని ముచ్చటపడ్డారు. ఆ డబ్బాలు తర్వాత ఏమయ్యాయని వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు.

ఉద్యోగం సంగతి చెప్పడానికి మామ పనిచేసే షాపుకు పోయాను. చిన్న ముక్కాలి పీట మీద కూర్చుని ఎవరిదో ఫ్యాను చుడుతున్నాడు. ఏం చూపించి తెచ్చుకున్నానో చెప్పాను. కోప్పడితే బాగుండునని ఆశపడే చెప్పానేమో. తలెత్తకుండానే, “మంచి డిజైనే గదా పాపా అది. మన ఊరికి సరిపోలేదు గాని” అని, నాకు టీ తెమ్మని ఎవరినో కేకేశాడు. ఆ టీ తాగి వచ్చాను. మళ్ళీ ఎప్పుడైనా పెదనాన్నకు నిజం చెబుదాం, ఈ పండక్కి చెబుదాం, ఆ పెళ్ళిలో చెబుదాం అనుకుంటూనే ఉన్నాను. ముందు పెదనాన్న పోయాడు, తర్వాత మామ పోయాడు.

ఇప్పుడు డబ్బాలు ఒక్కోటి ఒక్కో వేళకు లేచేటట్టు డిజైనర్లే కావాలని తేడా పెడుతున్నారని మా తమ్ముడి కూతురు చెప్పింది. ఆమె చేసే ప్రతి డిజైను కాగితం మూలన ఆమె పేరు అచ్చయి ఉంటుందట, తప్పొస్తే నేరుగా ఆమెనే పిలిచి అడుగుతారట. మా రోజుల్లో ఆడదాని పనికి పేరుండేది కాదని, మా కష్టమంతా మగవాళ్ళ స్టిక్కరు కింద పోయిందని నేను రిటైరయ్యేదాకా ఎన్ని సభల్లో చెప్పానో, ఎంతమంది ఆడపిల్లలు అది విని కళ్ళు తుడుచుకున్నారో లెక్కలేదు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. కాని ఊరంతా వచ్చి ఇది చేసింది ఎవరని అడిగిన రోజు ఆ స్టిక్కరు మీద నా పేరు లేనందుకు నేను ఎంత సంతోషించానో మాత్రం ఏ సభలోనూ చెప్పలేదు. మొన్న అన్నం తినే బల్ల దగ్గర ఆ పిల్ల నవ్వినప్పుడు కూడా చెప్పలేదు, దానితో పాటు నేనూ నవ్వాను.