వంతెన మీది మనుషులు

ఒక పెద్దాయనకి పతకం రాకూడదని నేను దేవుడికి మొక్కుకున్నాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసే అలవాటున్నా అందులోనూ రాసుకోలేదు.

అది 2000వ సంవత్సరం. కంప్యూటర్ చదువు చదివినవాళ్ళని సింగపూర్ రారమ్మని పిలుస్తున్న రోజులు. నేను ఆంగ్ మో కియోలో ఒక చిన్న కంపెనీలో చేరాను. పాత కాగితాలని స్కాన్ చేసి కంప్యూటర్లోకి ఎక్కించడం మా పని. నా వంతు ఇండెక్సింగ్, అంటే స్కాన్ చేసిన ప్రతి కాగితానికీ పేరు, ఊరు, విషయం తగిలించడం. రేపెవరైనా వెతికితే దొరకాలి కదా. మనుషులతో మాట్లాడక్కర్లేని పని కాబట్టి నాకు ప్రాణానికి హాయిగా ఉండేది.

ఆ ఏడాది ఒక విదేశీ కమిటీ మాకు పని అప్పగించింది. రెండో ప్రపంచ యుద్ధంలో మలయాలో పోరాడిన భారతీయ సిపాయిలు కొందరికి, చేసిన సాహసానికి తగ్గ గుర్తింపు దక్కలేదు. సిఫారసు రాయాల్సిన అధికారులు శత్రువుకి చిక్కారు, కొందరు పోయారు. పతకం రావలసినవాడి పేరు యుద్ధ నివేదికలో ఒకసారి ప్రస్తావించి సరిపెట్టారు. అలాంటి కేసులు మళ్ళీ చూసి, అర్హత ఉంటే ఆ గుర్తింపుని పతకం స్థాయికి పెంచుతారు. మేం దాన్ని అప్‌గ్రేడ్ అనేవాళ్ళం. మనిషి బతికుంటే అతని వాంగ్మూలం తప్పనిసరి.

అలా బతికున్నవాళ్ళలో ఒకరు అప్పలస్వామిగారు. విజయనగరం వైపు మనిషి. సైన్యంలో వంతెనలు కట్టే, కూల్చే దళంలో పనిచేశాడు. యుద్ధమయ్యాక సింగపూర్ రేవులో పనికి కుదిరి ఇక్కడే ఉండిపోయాడు. పాసిర్ రిస్‌లో మనవరాలి దగ్గర ఉంటున్నాడు. మనసులో మాట చెప్పాలంటే ఆయనకి తెలుగే కావాలి.

"ఇక్కడ తెలుగు వచ్చినదానివి నువ్వొక్కదానివే," అంది మా సూపర్‌వైజర్ మిసెస్ లిమ్. "కానీ నువ్వు నోరే విప్పవు. ఆయనా నువ్వూ ఒకరి మొహం ఒకరు చూసుకుని కూర్చుంటారేమో లా!"

మాట చివర 'లా' తగిలించడం ఇక్కడివాళ్ళ అలవాటు. ఆఫీసంతా నవ్వింది. నేనూ నవ్వి, టేప్ రికార్డర్ సంచిలో పెట్టుకుని బయల్దేరాను.

తలుపు తీసింది మనవరాలు లలిత. బ్యాంకులో ఉద్యోగం, నా ఈడుదే. అప్‌గ్రేడ్‌కి అర్జీ పెట్టింది ఆమే. "అక్కా, ఆఫీసులో అందరికీ చెప్పేశాను. మై తాతా ఈజ్ అ హీరో," అంది చెప్పులు విప్పేలోపే. తెల్లచొక్కా గుండీలన్నీ పెట్టుకుని సోఫా చివర కూర్చున్న పెద్దాయన మాత్రం, "మకాన్ అయిందా తల్లీ?" అని అడిగాడు. ఇక్కడి మాటలో మకాన్ అంటే భోజనం.

"అయింది తాతగారూ."

"అబద్ధం. మొకం సూస్తే తెలీదేటి? ఆ ఉప్మా ఎట్టవే పిల్లకి."

తిన్నాక ఆయనే ముందు అడిగాడు. "అప్పుడు రాసిన కాయితంలో నా గురించి ఏటుంది?"

ఫైలు నేనే ఇండెక్స్ చేశాను కాబట్టి చూడకుండానే చెప్పాను. "కాల్పుల మధ్య ఒంటరిగా వెళ్ళి వంతెన పేల్చారనీ, అందువల్ల శత్రువు అవతలే ఆగిపోయాడనీ, ప్రాణనష్టం లేదనీ రాశారు."

"పేణనష్టం నేదా," అన్నాడాయన. "ఆ ముక్క సరిసెయ్యాల. అందుకే నాను ఒప్పుకున్నాను."

టేపు తిరుగుతూ ఉంది. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు.

"వంతెనకి మందు కట్టేసినాం. గుండు పడి కరెంటు తీగ తెగిపోనాది. ఎవుడో ఒకడు ఎల్లి సేత్తో వత్తి అంటించాల. నానెల్లినాను. అంటించినాక అవతలొడ్డున మనుషులు కనపడినారు. రబ్బరు తోట కూలోళ్ళు. మూటలు, సంకన పిల్లలు. ఆళ్ళ ఎనకే జపానోళ్ళు. 'రాకండర్రా, ఎనక్కి పొండి' అని తెలుగులో అరిసినాను."

"తెలుగులోనా?"

"మనోళ్ళే తల్లీ. ఆళ్ళ మాటలు ఇనబడతన్నాయి కదా. మా వైపు యాసే. నా మాట ఇని ఆగుతారనుకున్నాను. ఆళ్ళేమో, 'మనోడున్నాడర్రా! మనోడుండగా మనకేటవుద్ది' అనుకుంటా వంతెన మీదకి పరిగెట్టుకొచ్చేసినారు."

లలిత వంటగది గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. ఆమె కూడా ఈ మాట అప్పుడే వింటోందని నాకు తెలిసిపోయింది.

"వత్తి సేతికందే దూరంలోనే ఉంది. పీకేస్తే ఆగిపోయేది. ఇటుపక్క దొర అరస్తన్నాడు, మా వోళ్ళంతా ఒడ్డునే ఉన్నారు. నాను పీకలేదు."

మా పనిలో వెర్బటిమ్ అని ఒక నియమం ఉంది. చెప్పినది చెప్పినట్టే రాయాలి. అదైన తర్వాత రీడ్‌బ్యాక్. ఇంగ్లీషులో రాసినదాన్ని మళ్ళీ ఆ మనిషి భాషలో చదివి వినిపించి, ఔనంటేనే సంతకం తీసుకోవాలి. రాసుకుని వచ్చే వారం మళ్ళీ వెళ్ళాను. లిఫ్ట్ దగ్గరే లలిత నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ప్లీజ్. ఆ పీపుల్ పార్ట్ తీసెయ్యండి. తాతకి ఎయిటీ అయిపోయింది. ఎవరు చెక్ చేస్తారు లా? ఈ ఒక్కటీ రానివ్వండి."

లోపలికెళ్ళి మొత్తం చదివాను. పెద్దాయన కళ్ళు మూసుకుని విన్నాడు. లలిత ఆయన మోకాళ్ళ దగ్గర కూర్చుని బతిమాలింది.

"నోర్ముయ్ పిల్లా. ఒక్క ముక్క తీసినా ఏలిముద్ర ఎయ్యను."

"అప్పుడు మెడల్ ఇవ్వరు తాతా!"

"ఇవ్వకూడదు. ఇది సదివి, 'ఒరే అప్పలసామీ, నువ్వు సేసింది తప్పురా, నీకు పతకమేటి' అని ఎవుడో ఒకడు అనాల. ఇన్నాళ్ళూ ఎవుడూ అన్లేదు."

వేలిముద్ర వేసి, తడి గుడ్డతో చాలాసేపు వేలు తుడుచుకున్నాడు. రైల్లో తిరిగి వస్తుంటే సంచిలోని నవల తియ్యబుద్ధి కాలేదు. ఆయన కోరినట్టే జరగాలని ఆ దారిలోనే మొక్కుకున్నాను.

కొన్ని నెలలకి పతకం మంజూరైంది.

పాసిర్ రిస్‌లోనే ఒక హాల్లో చిన్న సభ పెట్టారు. కమిటీ తరఫున వచ్చిన ఒక పొడుగాటి పెద్దమనిషి పెద్దాయన చొక్కాకి పతకం గుచ్చి, ప్రశంసాపత్రం నా చేతికిచ్చాడు. ఆయనకి తెలుగులో వినిపించమన్నాడు. నేను దాన్ని చూడడం అదే మొదటిసారి. నిలబడి, ఒక్కో వాక్యమే తెలుగు చేసుకుంటూ చదవసాగాను.

"తన సొంత భాష మాట్లాడే పౌరులు వంతెన మీద ఉన్నారని తెలిసీ, వారి పిలుపులు చెవిన పడుతున్నా, చేతికందే దూరంలో ఉన్న వత్తిని లాగివేయక, అసాధారణమైన నిబ్బరంతో కర్తవ్యాన్ని నెరవేర్చాడు. ఈ కొత్త సాక్ష్యాన్ని దృష్టిలో ఉంచుకుని..."

నేను అక్కడ ఆగిపోయాను. హాల్లో చప్పట్లు మొదలయ్యాయి. చదవడం అయిపోయిందనుకున్నారు.

"పేణనష్టం నేదన్న ముక్క తీసేసినారా?" పెద్దాయన మెల్లగా అడిగాడు.

"తీసేశారు తాతగారూ."

"మరి ఆళ్ళని ఏటని రాసినారు?"

"మీ నిబ్బరానికి సాక్ష్యంగా రాశారు."



తర్వాత చాలా ఏళ్ళు ఈ పనిలోనే ఉన్నాను. కొత్తగా చేరిన పిల్లలు, వెర్బటిమ్‌గా రాస్తే చాలు కదా అనేవారు. చాలదని ఆ హాల్లో నేర్చుకున్నాను. నేను ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తీయలేదు. ఆయన శిక్ష కోరి చెప్పుకున్న మాటల్నే వాళ్ళు మెచ్చుకోలుకి వాడుకున్నారు. దానికి అడ్డుపడే నియమం మా పనిలో లేదు. ఆ సంగతి తెలిసి కూడా మరుసటి సోమవారం వెళ్ళి అదే కుర్చీలో కూర్చున్నాను.

ఆ రోజు సభ ముగిశాక ఫొటోలు తీశారు. ఏడ్చి ఏడ్చి కాటుక కరిగిపోయిన లలిత కెమెరా పట్టుకుని, "తాతా, ఇటు చూడు! స్మైల్ లా!" అని అరిచింది. హాల్లో అందరూ ఆయన వైపే చూస్తున్నారు. పెద్దాయన కెమెరాని చూడలేదు. పక్కనే నిలబడ్డ నా వైపు తిరిగాడు.

"నవ్వమంటంది. నువ్వు సెప్పు తల్లీ, నవ్వనా?"