ఆది లేని జాకెట్టు

బెంగళూరులో మడివాళ మార్కెట్టు వెనక సందులో ముప్పై ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. నా పేరు శశికళ. నా నోరు నా కత్తెర కంటే పదునని మా ఆయన పెళ్ళైన వారానికే కనిపెట్టాడు. ఆ నోరు ఒకరోజు ఏం కోసి పారేసిందో తెలియడానికి మాత్రం నాకు నాలుగేళ్ళు పట్టింది. అదీ ఫోనులో ఆట ఆడుతుంటే తెలిసింది.

ఆ ఆట చేసింది కృప. ఒంగోలు పిల్ల. రెండేళ్ళుగా మా కొట్టు పైగదిలో అద్దెకుంటోంది. మహదేవపురలో ఏదో కంపెనీలో టెస్టరు. ఎవరో చేసినవాటిలో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. "తప్పులు పట్టినందుకు జీతమిస్తారని ముందే తెలిసుంటే నేను మిషను కొనేదాన్నా మా?" అని మొదటిరోజే అడిగాను. మంచి పొడగరి. ఇడ్లీ మీద సాంబారు పోసుకోదు, పక్కన పెట్టుకుని ముంచుకుంటుంది. ఆఫీసుకు పోతూ రోజూ కొట్టు ముందు ఆగి, "ఆంటీ, కొంగు చక్రంలో పడిద్ది, దోపుకోండి" అని చెప్పి గానీ కదలదు.

మొన్న గురువారం సెలవు పెట్టి కిందకొచ్చి స్టూలు మీద కూర్చుంది.

"ఆంటీ, నేనొక ఆట చేశాను. మీరు ఆడి చూడాలి."

"నాకు పచ్చీసు తప్ప ఏ ఆటా రాదు గదమ్మా."

"అందుకే మీరు కావాలి. మా అమ్మది మీ వయసే. మీకు అర్థమైతే ఆమెకీ అర్థమైద్ది. శనివారం పొద్దున వస్తంది. నన్ను చూసి మూడేళ్ళు. వీడియోలో కూడా కనపళ్ళేదు, కెమెరా పాడైందని చెప్తా వచ్చా. నన్ను చూసేముందు ఇది ఆడాలి."

"ఏముండాది దీంట్లో?"

"నోటితో చెప్పలేనిది."

ప్రేమ వ్యవహారమనుకున్నాను. సంబరంగా కళ్ళద్దాలు పెట్టుకున్నాను.

ఆట అంటే బొమ్మల కథే. ఒక బొమ్మ వస్తుంది, కింద రెండు మూడు గడులుంటాయి. ఏది నొక్కితే కథ అటు పోతుంది. మొదటి బొమ్మలో బడి. టీచరు హాజరు పిలుస్తోంది. పిల్లాడి పేరు దగ్గర నల్లటి మరక. ఫోను మురికైందనుకుని కొంగుతో తుడిచాను. పోలేదు. కాస్త ఉమ్ము తడి చేసి మళ్ళీ తుడిచాను.

"ఆంటీ! అది మరక కాదు. నేనే పెట్టా. ఆ పేరు ఇప్పుడు లేదు."

నాకు అర్థం కాలేదు. తర్వాతి బొమ్మలో ఆ పిల్లాడి తల్లి నర్సు, డ్యూటీకి వెళ్ళిపోయింది. కింద రెండు గడులు: అద్దం ముందు నిలబడతావా, హోంవర్కు చేసుకుంటావా? ఇద్దరు పిల్లల్ని పెంచినదాన్ని, హోంవర్కే నొక్కాను. "హోంవర్కు అయిపోయింది. అద్దం అక్కడే ఉంది" అని వచ్చింది. మళ్ళీ హోంవర్కే నొక్కాను. మళ్ళీ అదే మాట. ఆఖరికి విసుగొచ్చి అద్దం నొక్కాను. అద్దంలో పిల్లాడు లేడు. రెండు జడల ఆడపిల్ల ఉంది. కొంచెం పొడుగు మొహం, ఎడమ కనుబొమ్మ మధ్యలో చిన్న తెగిన గీత.

తలెత్తి కృపను చూశాను. ఎడమ కనుబొమ్మ. నా చేతిలో ఫోను ఒక్కసారిగా వేడెక్కినట్టనిపించింది. రెండేళ్ళుగా ఈ పిల్లకు కొలతలు తీస్తున్నాను. టేపు పట్టుకుంటే మనిషి చరిత్ర చెబుతానని వీధంతా చాటుకునేదాన్ని.

"నువ్వా?" అన్నాను.

"ఆడండి ఆంటీ. ఇంకా ఉంది."

నిజంగానే ఇంకా ఉంది. పిల్లాడు పెద్దవాడై బెంగళూరు వచ్చాడు. మొహానికి మాస్కు. చేతిలో పాలపిట్ట రంగు బ్లౌజు ముక్క. ఎదురుగా దర్జీ కొట్టు. లోపల మెడలో టేపు వేసుకుని, పళ్ళ మధ్య గుండుసూదులు పట్టుకుని ఒక లావుపాటి ఆవిడ. ఆవిడ నోటి పక్కన మాటలు: "ఆది జాకెట్టు తెచ్చినావా అప్పా?"

ఆది జాకెట్టు లేనిదే నేను కత్తెర పట్టను. సరిగ్గా పట్టే పాత జాకెట్టొకటి తెస్తే దాన్నే కొలతగా పెట్టుకుని కొత్తది కోస్తాం. వచ్చినవాళ్ళను ముందు అడిగేది అదే. కానీ ఒంటి మీద ఒక్క జాకెట్టూ వేసుకోనివ్వని బతుకు బతికినవాళ్ళు ఆది ఎక్కణ్ణించి తెస్తారు?

కింద మూడు గడులు. "మరిచిపోయాను." "మా అక్కది నా కొలతే." "నాకే కావాలి." ధైర్యం చేసి మూడోది నొక్కాను. దర్జీ పగలబడి నవ్వింది. వెనక్కొచ్చి మొదటిది నొక్కాను. నవ్వింది. రెండోది నొక్కాను. నవ్వుతూ, కొట్టులోని ఆడవాళ్ళను పిలిచి చెప్పింది: "చూడండే, అక్క జాకెట్టుకి తమ్ముడు కొలతిస్తాడంట!"

అవి నా మాటలే. నాలుగేళ్ళ కింద, మాస్కుల కాలంలో, ఇదే స్టూలు దగ్గర అన్నాను. ఆ అబ్బాయి గుడ్డ వదిలేసి పరుగెత్తాడు. ఆ సాయంత్రం ఇంట్లో ఆ కథ చెప్పి మా ఆయన్నీ నవ్వించాను.

ఫోను బల్ల మీద పెట్టేశాను. "కళ్ళద్దాలు లేవు మా, సరిగ్గా కనపళ్ళా" అన్నాను. అవి ముక్కు మీదే ఉన్నాయి.

కృప నవ్వలేదు. "మీరే ఇక్కడ ఆపేశారు. అమ్మ ఇంకా ముందే ఆపేసిద్ది. రావొద్దని చెప్పేస్తాను. ఇంకో మూడేళ్ళు కెమెరా పాడైందంటా."

"నన్ను ఆనవాలు పట్టే ఇల్లు అడిగితివా నువ్వు?"

"ఊఁ."

"అంత నగుబాటు చేసినదాని దగ్గరికి మళ్ళీ యాలొస్తివి తల్లీ?"

"మా పనిలో అంతే ఆంటీ. ముందు ఎక్కడ ఫెయిలైందో మళ్ళీ అక్కడే టెస్ట్ చేయాలి. మీరు నవ్వకుండా కొలత తీస్తే పాసైనట్టు." కాస్త ఆగి, "పైగా నేను ముందున్న పీజీ హాస్టల్లో అందరూ మీ చేతులు మాత్రం మంచివన్నారు."

"మాత్రం" అన్నమాట గుచ్చుకుంది. ఫోను లాక్కున్నాను. మందులు, ఆఫీసు, కొత్త పేరు పెట్టుకున్న రోజు, అన్నీ నొక్కుకుంటూ పోయాను. ఆ పేరు తల్లి మాటల్లోదే. బాగున్నావా అంటే ఆవిడ ఎప్పుడూ "దేవుని కృప" అనేదట. ఆఖరి బొమ్మలో మూసిన తలుపు. కింద గడులు లేవు.

"ఏది నొక్కాలమ్మా?"

"ఇంక నేనేం చేయలేదు. ఆ తలుపు అమ్మ తియ్యాలి. సరే, రానిద్దాం."

ఆమె పైకి వెళ్ళాక అటక ఎక్కాను. వదిలేసి పోయిన గుడ్డను కోయకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు. అది మా పనిలో కట్టుబాటు. అలాంటి గుడ్డలు దాచే సంచి అడుగున పాలపిట్ట రంగు ముక్క దొరికింది. గుండుసూదితో చీటీ. నా చేతిరాతే: "అక్క తమ్ముడు." చీటీ చింపేశాను.

శనివారం ఎనిమిదింటికి కృప తల్లి విజయకుమారిగారు వచ్చారు. సన్నగా, చురుగ్గా ఉన్నారు. భుజానికి సంచి. టీ ఇచ్చి, కృప నా దగ్గర వదిలిన ఫోను చేతిలో పెట్టాను.

"పిల్లోడు పైన ఉంటే నన్ను కింద ఆటలాడమంటావేందమ్మా?"

"మీ బిడ్డ చేసిందే. ఆడినంక పైకి పోదాం."

ఆవిడా మరకను కొంగుతో తుడిచింది. ఆవిడా హోంవర్కే నొక్కింది, నాలుగుసార్లు. అద్దం దగ్గర ఆగిపోయింది. "ఇది మా ఇల్లు. ఈ అద్దం నేను కొన్నదే" అంది. ఫోను బోర్లించి, మంచినీళ్ళు అడిగి తాగి, సంచి భుజానికి తగిలించుకుని లేచింది. మెట్ల వైపు కాదు, వీధి వైపు.

ఖాళీ గ్లాసు పట్టుకుని వెంట రెండడుగులు వేశాను.

గడప దగ్గర నిలబడి చాలాసేపు ఆటోలు చూసింది. వెనక్కొచ్చింది. "ముప్పై ఏళ్ళు నర్సుగా చేశాను. సగం చదివిన రిపోర్టు ఎప్పుడూ పక్కన పెట్టలేదు" అని కూర్చుని ఫోను తిప్పింది.

దర్జీ కొట్టు వచ్చింది. ఒకటి నొక్కింది. రెండోది. మూడోది. ఆవిడ మొహం ఎర్రబడింది.

"ఎవతె ఇది? పొట్ట చేతపట్టుకుని ఊరుగాని ఊరొచ్చిన బిడ్డని పట్టుకుని పళ్ళికిలించిద్దా? దీనికి పిల్లల్లేరా? నా చేతికి దొరకాలి, దీని సూదుల్తోనే నోరు కుట్టేస్తా!"

అబద్ధమాడొచ్చు. కళ్ళద్దాలు కూడా ముక్కు మీదే ఉన్నాయి.

"నేనేనమ్మా" అన్నాను.

ఆవిడ నా మెడలోని టేపును చూసింది. తర్వాత పడ్డ తిట్లు రాస్తే అచ్చు వేయరు. నర్సమ్మకు అన్ని మాటలొచ్చని తెలిసి నేను నిలువునా నీరైపోయాను. "నా బిడ్డని చూసి నవ్వుతావా? నా బిడ్డని?" అన్న మాట సందు చివర పూలబండి దాకా వినిపించింది. పైనున్న కృపకు వినిపించదా? మెట్లు దిగి వచ్చి, చివరి మెట్టు మీద నిలబడిపోయింది.

తల్లి తిరిగి చూసింది. బిడ్డను పాదాల నుంచి జడ దాకా, మళ్ళీ జడ నుంచి పాదాల దాకా చూసింది. వార్డులో కొత్త పేషెంటును చూసినట్టే. కృప గోడను పట్టుకుంది.

"చిక్కిపోయావు" అంది తల్లి. "ఇంకా ఎన్ని ఉన్నాయి ఆ ఆటలో?"

"ఇంకొన్ని ఉన్నాయమ్మా. ఆఖర్న తలుపు."

"అది తర్వాత చూద్దాం." నా వైపు తిరిగింది. "ఆ గుడ్డ ఏం చేశావు? చింపి మసిగుడ్డ చేశావా?"

బల్ల మీద నుంచి తీసి చూపించాను. వేళ్ళతో నలిపి చూసి, సంచి విప్పింది. చీరలు, బైబిలు, మందుల డబ్బా తీసి పక్కన పెట్టి, అడుగున మడతపెట్టిన తన తెల్ల జాకెట్టు లాగి నా ముందు పడేసింది.

"ఇదిగో ఆది. ఇంకెప్పుడూ లేదనకు."

కృప అప్పుడు ఏడ్చింది. ఆవిడ మాత్రం ఏడవలేదు, దగ్గరికీ తీసుకోలేదు. జాకెట్టు మీద చెయ్యి పెట్టుకుని అలాగే నిలబడింది.

ఆ ఆది కృపకు భుజాల దగ్గర రెండంగుళాలు చాలదు. చూడగానే తెలిసింది. మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. గబగబా నాలుగు గుండుసూదులు తీసి పళ్ళ మధ్య పెట్టుకున్నాను. ఆ పిల్ల కొలతలు నాకు కంఠతా వచ్చు.

"చేతులు మోచేతి దాకా పెట్టు" అంటోంది ఆవిడ. తలూపాను.